లేబుల్ బాబాయి

మా కాలనీ సూపర్‌మార్కెట్లో కొత్తగా చేరిన పిల్లలకి మేనేజరు మొదటిరోజే ఒక జాగ్రత్త చెప్తాడు. బ్రెడ్ల ర్యాకు దగ్గర కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, సెల్‌ఫోన్ టార్చి వేసి, ప్యాకెట్టు వెనకవైపు చదువుతూ ఒక పెద్దాయన కనిపిస్తారు, ఆయన ఫుడ్ ఇన్‌స్పెక్టరు కాదు, కంగారుపడి ఓనరుకి ఫోన్ చెయ్యకండి అని. కూర్చోడానికి ఒక స్టూలు కూడా వేయించాడు. ఆయన నిలబడి చదువుతుంటే బుట్టలు తోసుకెళ్ళేవాళ్ళకి దారి ఉండటం లేదట.

ఆయనే లేబుల్ బాబాయి. మా ఒక్క కాలనీ సొత్తేం కాదు. కూకట్‌పల్లిలో ఒకాయన, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒకాయన, వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఒకాయన ఉన్నారు. పేర్లు వేరు, చదివే భంగిమ ఒక్కటే. జీవితమంతా ఆఫీసులో ఫైళ్ళు చదివి కొర్రీలు వేసిన మనుషులు. రిటైరయ్యాక ఫైళ్ళు దొరక్క ప్యాకెట్లు పట్టారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం టీలో రెండు రస్కులు ముంచుకోవడం తప్ప బేకరీతో బాబాయికి పెద్ద స్నేహం లేదు. ఒకరోజు డాక్టరు హెచ్‌బీఏ1సీ అనే షుగరు పరీక్ష కాగితం చూసి, "స్వీట్లు, మైదా, బేకరీ ఐటమ్స్ మానెయ్యండి" అన్నాడు. వద్దన్న క్షణం నుంచీ ఆయనకి ఊరంతా బేకరీలే కనపడటం మొదలెట్టాయి. ఇరవయ్యేళ్ళుగా పక్కనుంచే నడిచి వెళ్ళిన షాపులోంచి బన్ను కాల్తున్న వాసన మొదటిసారి ముక్కుకి తగిలింది. నన్నడిగితే ఆయన వెతికేది బ్రెడ్డు కాదు. తినొచ్చు అని ఎవరైనా అచ్చేసి ఇస్తారేమోనని వెతుకుతున్నారు.

దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్లు దాటారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. వినేవాళ్ళకి గుండె గుభేలుమనే అంకె అది. బాబాయికి మాత్రం ఓటుబ్యాంకు. "పది కోట్ల మందిమోయ్! మనకంటూ ఒక్క నిఖార్సయిన బన్ను లేదు" అంటారు పార్కులో పిడికిలి బిగించి.

దారులన్నీ తొక్కాకే ఈ ర్యాకు దగ్గరికి చేరారు లెండి. మొదట మంతెన సత్యనారాయణరాజుగారి మాట విని ఉప్పూ నూనే మానేశారు. ఆ తర్వాత వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి పట్టి అన్నం, రొట్టె బంద్ చేసి కొబ్బరినూనె సీసాలు, నిమ్మకాయలు మోసుకొచ్చారు. ఆపైన ఖాదర్‌వలీగారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, ఊదలు, సామలు, అరికెలు అని డబ్బాలకి చీటీలు అంటించి వరసగా పేర్చారు. ఈ పద్ధతుల మంచిచెడ్డలు బాబాయిని చూసి తేల్చలేం. ఏదీ ఆయన దగ్గర నెల దాటలేదు. "ఆయన మానేసినవన్నీ పోనూ నేను వండాల్సింది ఇక మంచినీళ్ళే" అంటుంది పిన్ని. ఇప్పుడు 'బ్యాలెన్స్‌డ్ డైట్'కి వచ్చారు. అంటే, ప్యాకెట్టు ఒప్పుకుంటే ఏదైనా తినొచ్చు.

ఆయన చదువుతుండగా చూడాలి. ప్యాకెట్టు ముఖం చూడనే చూడరు. ముందువైపు కంపెనీ ఇష్టపడి రాసేది, వెనకవైపు ప్రభుత్వం మెడ మీద కూర్చుని రాయించేది అని ఆయన సిద్ధాంతం. వాడిన సరుకుల్లో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలన్నది రూలు. గోధుమకంకుల బొమ్మ వేసిన బ్రౌన్ బ్రెడ్డు తిప్పుతారు. మొదటి పేరు మీదే వేలు ఆగిపోతుంది.

"రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అట. ఏంటమ్మా ఇది?" అని ర్యాకు సర్దే అమ్మాయిని అడుగుతారు.

"గోధుమపిండే కదా అంకుల్."

"మైదా తల్లీ, మైదా! మరి ఈ రంగెక్కడిది? ఇదిగో, ఇక్కడుంది. 150ఎ. క్యారమెల్. చక్కెర మాడిస్తే వచ్చే రంగు. నాకు మైదా, చక్కెర రెండూ వద్దంటే, రెండూ కలిపి ఆరోగ్యం అని పేరు పెట్టారు."

"అంకుల్, గీ ప్యాకెట్ నిన్న గూడ చదివిన్రు కద."

"నిన్నటిది వేరే బ్యాచి."

మల్టీగ్రెయిన్ అంటే మరీ మంట. బొమ్మలో రాగులు, ఓట్స్, అవిసెలు దోసిళ్ళకొద్దీ జారుతుంటాయి. వెనక చూస్తే మైదా, నీళ్ళు, ఈస్టు, చక్కెర అందరూ కూర్చున్నాక ఆ మూలెక్కడో ఉంటాయి. శుభలేఖలో పెద్దక్షరాలతో పేరు వేసి, భోజనాల దగ్గర ఆఖరి పంక్తిలో విస్తరేసినట్టు. బాబాయి ఈ అవమానాన్ని రాగుల తరఫున తాను పడతారు.

మనవడి పుట్టినరోజు ఆయనకి పిన్ని గుర్తుచెయ్యాలి. 282 అంటే మాత్రం నిద్రలో లేపి అడిగినా కాల్షియం ప్రొపియోనేట్, బూజు పట్టకుండా వేసేది అని చెప్తారు. 471, 481 ఎమల్సిఫైయర్లు, మెత్తదనానికి. బ్రెడ్డులో వేసే పొటాషియం బ్రోమేట్‌ని 2016లో నిషేధించిన నాటికి ఆయనకి షుగరూ లేదు, బ్రెడ్డు గొడవా లేదు. ఇప్పుడా సంగతి ఎత్తితే పొద్దున పేపర్లో వచ్చినంత ఆవేశంగా ఊగిపోతారు.

ఆదివారం సాయంత్రం ర్యాకు దగ్గర పథ్యాల మహాసభ జరుగుతుంది. కార్తీకమాసం కాబట్టి ఆకుపచ్చ చుక్క కోసం వెతుకుతూ ఒక పిన్నిగారు. గుడ్డు కలిసినదానికి గోధుమరంగు త్రికోణం ఉంటుందని ఆవిడకి నేర్పింది బాబాయే. కృతజ్ఞతగా ఆవిడ ఎగ్‌లెస్ కేకు చేతిలో పెట్టబోయింది. "గుడ్డు తీసేసినచోట కండెన్స్‌డ్ మిల్కు పోస్తారమ్మా, నేను ముట్టకూడదు" అని దండం పెట్టారు. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చినాయన అక్కడి కీటో బ్రెడ్డు గొప్ప చెప్తాడు. అందులో పిండి తక్కువ, గ్లూటెనూ పీచూ ఎక్కువ. షుగరువాళ్ళకి బాగుంటుంది, గ్లూటెన్ పడనివాడికి ముక్క తగిలినా ముప్పే. గ్లూటెన్ లేని బ్రెడ్డు కొందామా అంటే చాలావాటిలో బియ్యప్పిండి, టాపియోకా స్టార్చి, అంటే బాబాయికి సాక్షాత్తూ అన్నం. ఒకరి పథ్యం ఇంకొకరికి అపథ్యం. ఈ మూడు పథ్యాలూ ఒకే ఇంట్లో పడితే ఆ ఇల్లాలి గతేమిటో.

ఆ సభలో ఒకావిడ మాత్రం ఎవరితోనూ మాట్లాడదు. కూతురికి సీలియాక్ జబ్బు, గ్లూటెన్ పడదు. ఆవిడకి ఈ చదువు కాలక్షేపం కాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. బేకరీవాడు జొన్న బిస్కెట్లని చెప్పి ఇచ్చినవి మైదా పిసికిన బల్ల మీదే చేసుంటే ఆ పిల్లకి చేటే. ఆవిడ దగ్గర బాబాయి గొంతు తగ్గిపోతుంది. "ఇది వద్దమ్మా. చూడు, ఈ అతుకు మడత కింద రాశాడు, గోధుమ ఆనవాళ్ళు ఉండొచ్చని" అంటూ గోటితో మడత విప్పి చూపిస్తారు. ఆవిడ ఆ ప్యాకెట్టు పక్కన పెట్టేస్తుంది. సరైనది దొరికిన రోజు ఫొటో తీసి ఆవిడకి పంపుతారు. మేనేజరు వేయించిన స్టూలు ఆ ఒక్క పనికి గిట్టుబాటయిందని నా లెక్క.

తన విషయానికొచ్చేసరికి అదే మడత విప్పరు. షుగర్ ఫ్రీ బిస్కెట్ల కథ అదే. షుగర్ ఫ్రీ అనాలంటే 100 గ్రాముల్లో అర గ్రాముకి మించి చక్కెర ఉండకూడదు. ఆ మాటలో అబద్ధం లేదు. మైదా ఉంది, అది లోపలికి వెళ్ళి చక్కెరే అవుతుంది. తీపికి మాల్టిటాల్ అనే పాలియోల్ వేస్తారు. ఒక సర్వింగు మూడు బిస్కెట్లని రాసుంటే బాబాయి రెండే తిని, ఒకటి మిగిల్చానని గర్వంగా చెప్తారు. అలా మిగిల్చిన ఒకట్లు మూడయ్యాక, ఇది నాకు రావలసిన సర్వింగే కదా అని అదీ తింటారు. ఈ లెక్కన ఒక రాత్రి ప్యాకెట్టు ఖాళీ అయింది. తెల్లవారుజామున మూడింటి నుంచీ బాత్‌రూం లైటు ఆరలేదు. పొద్దున్నే పిన్ని ఖాళీ ప్యాకెట్టు తిప్పి చదివింది. 'పాలియోల్స్ వల్ల విరేచనాలు కావచ్చు' అని చీమతలంత అక్షరాలు. "ఊళ్ళోవాళ్ళకి చదివిపెడతారు గానీ..." అని మజ్జిగ గ్లాసు అందించింది. గ్లూకోమీటరులో అంకె చూసి, బాబాయి స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ వెతికారు.

"ఈ వెతుకులాట ఎందుకు, జొన్నరొట్టె చేసి పెడతాను" అంటుంది పిన్ని. "అందులో ఫైబరెంతో, కార్బ్స్ ఎన్నో ఎలా తెలుస్తుంది?" అంటారు. లేబుల్ లేని రొట్టెని నమ్మడం శాస్త్రీయం కాదట.

ఆ శాస్త్రం ఇరానీ హోటలు గుమ్మం దాటదు. సాయంత్రం వాకింగు ఎటు బయల్దేరినా చివరికి అక్కడే తేలుతుంది. కౌంటరు మీద గాజు సీసా నిండా ఉస్మానియా బిస్కెట్లు. ఏడో నిజాం పేరు మోస్తున్న బిస్కెట్టు, తీపీ ఉప్పూ ఏది ముందో నాలుకకి తేలనివ్వదు. చాయ్‌లో ముంచి తీస్తే ఒక్క క్షణమే టైము, ఆలస్యమైతే కప్పు అడుక్కి పోతుంది. బాబాయిది ఎప్పుడూ పోదు. మైదా, డాల్డా, చక్కెర గురించి అక్కడ ఒక్క ప్రశ్న అడగరు. ఒకసారి నేనే అడిగాను.

"దీని మీద ఏమైనా రాసుందా?" అన్నారాయన.

"లేదు."

"మరి? ఏ ఆధారంతో తప్పుపడతావ్? అయినా అది ఉప్పు బిస్కెట్టు."

మూడు నెలలకోసారి వచ్చే హెచ్‌బీఏ1సీ ఇలాంటి వాదనలు వినదు. మొన్న ఎనిమిది దాటి వచ్చింది. డాక్టరు మాట్లాడబోతుంటే బాబాయి రిపోర్టు లాక్కుని అట్టడుగు లైను మీద వేలు పెట్టారు. "క్లినికల్‌గా సరిచూసుకోవలెను అని ల్యాబు వాళ్ళే రాసుకున్నారండీ. అంటే వాళ్ళకే డౌటు." డాక్టరు వాదించకుండా మాత్ర డోసు పెంచి రాశాడు.

మందుల షాపులో బాబాయి వెనక ఏడెనిమిది మంది లైన్లో ఉన్నారు. ఆయన డబ్బాలోంచి సన్నటి కాగితం బయటికి లాగి, కౌంటరు మీద మడతలన్నీ విప్పి పరిచి, టార్చి వేశారు.

"బాబూ, ఇందులో మొక్కజొన్న స్టార్చి అని ఉంది. ఎన్ని గ్రాములో రాయలేదేం?"