ఎగ్జిట్ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం (లూవా భాష): ఓఎస్.ఎగ్జిట్(1)

ప్రతిపదార్థం: ఓఎస్ = ఆ పేరుగల లైబ్రరీలోని; ఎగ్జిట్ = వెళ్ళిపోవుట; 1 = ఏదో చెడినదను సంకేతముతో. ఇచ్చట సున్నా శుభము, ఒకటి అశుభము. కట్నకానుకల లెక్క వేరు.

టీక: వెళ్ళిపోయేది ఎవరు? మూలంలో కర్త లేడు, అధ్యాహారం చేసుకోవాలి. చిక్కంతా అక్కడే. 1993లో బ్రెజిల్‌లోని రియోలో పుట్టిన లూవా ఇతర ప్రోగ్రాముల, అంటే హోస్ట్‌ల, కడుపులో ఇమిడి బతికే భాష. అయినా ఈ ఫంక్షన్ తిన్నగా సీ భాషలోని, ప్రాసెస్ మొత్తాన్ని ముగించే ఎగ్జిట్‌నే పిలుస్తుంది. ఆటలో ఓ తలుపు తెరిచే చిన్న స్క్రిప్టు ఈ మాటంటే ఆటే మూతపడుతుంది. అతిథి సెలవడిగితే గృహస్థు ప్రాణం పోవడమన్నమాట. విడ్డూరమేమంటే, తప్పుల విషయంలో ఇదే లూవా మహా మర్యాదస్తురాలు. నిల్ అనే శూన్య విలువకు ఒకటి కలపబోయిన స్క్రిప్టు, తప్పులను పట్టే పీకాల్ అనే ఫంక్షన్ రక్షణలో ఉంటే, ఆ తప్పు సందేశంగా మారి హోస్ట్ ప్రోగ్రాముకు చేరుతుంది. రక్షణ లేనప్పుడే ప్యానిక్, ఆపైన ప్రాసెస్‌ను కూల్చే అబార్ట్. తప్పు చేసినవాణ్ణి క్షమించి, సెలవడిగినవాడి మాటకు ఇల్లు తగలబెట్టడం ఏ ధర్మసూక్ష్మమో! కనుక కర్త స్క్రిప్టే అని అన్వయం. మన ఇళ్ళలో ‘వెళ్ళొస్తాను’ అన్నట్టుగా, స్క్రిప్టు వెళ్ళాలి, నియంత్రణ 1ని వెంటబెట్టుకుని హోస్ట్ దగ్గరికి రావాలి. ప్రాసెస్‌ను ముగించాలో వద్దో గృహస్థు ఇష్టం.

పైథాన్ ఈ చిక్కు ఎప్పుడో తీర్చిందని పూర్వపక్షం. అక్కడ సిస్.ఎగ్జిట్ అంటే సిస్టమ్‌ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్‌ను లేపడమే. నిజమే, కానీ సగమే. తప్పును అచ్చువేయడానికి హోస్ట్ పిలిచే పైఎర్_ప్రింట్, ఈ ఎక్సెప్షన్ ఎదురైతే అచ్చు మాని ప్రాసెస్‌నే ముగిస్తుంది. అచ్చువేయుటకు చంపుట అనే అర్థం ఏ నిఘంటువులోనూ లేదు.

కమాండ్ లైన్‌లో ఒంటరిగా నడిచే స్క్రిప్టు నిజంగానే ఆగాలి కదా అంటారా? అక్కడా గృహస్థు ఉన్నాడు: లూవా అనే కమాండే. అది 1ని అందుకుని తానే ముగిస్తే షెల్‌కు తేడా తెలియదు. మెమరీయే పాడైతే అబార్టే శరణ్యం, కాదనను. నిల్ కూడిక ఆ కోవలోది కాదు. గట్టి ఆక్షేపణ మరొకటి: ఎగ్జిట్‌ను ఒక తప్పు (ఎర్రర్) రూపంలోకి మార్చి పైకి పంపితే, దారిలో స్క్రిప్టు సొంత పీకాలే దాన్ని పట్టేసుకోవచ్చు. పైథాన్ అందుకే సిస్టమ్‌ఎగ్జిట్‌ను మామూలు ఎక్సెప్షన్ల వంశానికి వెలుపల పెట్టింది. లూవాలో తప్పులకు వంశవృక్షం లేదు. ఎగ్జిట్‌కు ప్రత్యేకమైన గుర్తు పెట్టి, దాన్ని చూసిన పీకాల్ మళ్ళీ పైకే విసిరేలా హోస్టే ఏర్పాటు చేసుకోవాలి. లేదంటే సెలవు తీసుకున్న అతిథి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విప్పి మళ్ళీ లోపలికొస్తాడు.