జేబు గొడవ

క్లేర్ మెకార్డెల్ అనే అమెరికన్ డిజైనరు 1942లో ‘పాపోవర్’ గౌను తెచ్చింది. ఒంటికి చుట్టి కట్టేసుకునే నూలు గౌను. ధర 6.95 డాలర్లు, పెద్ద జేబు, వేడి గిన్నె దించే చేతి తొడుగు దాంతోపాటే. యుద్ధం రోజుల్లో పనివాళ్లు ఫ్యాక్టరీలకు పోతే అంట్లు ఇంటావిడకే మిగిలాయి మరి. వీపున హుక్కులుంటే పెట్టడానికి ఇంకో మనిషి కావాలని ఆమె వాటిని పక్కకు మార్చింది. 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ ఆడవాళ్ల నడుము మళ్లీ బిగించినా, ఆమె మాత్రం వదులు వదల్లేదు. 1955లో టైమ్ పత్రిక ముఖచిత్రం ఆమెదే.

ఆడవాళ్ల బట్టకు జేబూ వదులూ కావాలా అన్న ఇదే వాదం విజయవాడ సత్యనారాయణపురంలో, సందు మొగన మిషను పెట్టుకున్న టైలరు దగ్గర ఇలా నడుస్తుంది. మామగారు లుంగీ, జేబు బనీనులో ఉంటారు. కోడలి చేతిలో నైటీకని కొన్న పెడన కలంకారీ గుడ్డ.

మామగారు: నైటీకి జేబేంటమ్మా? కొంగు ముడి ఉండనే ఉందిగా.

కోడలు: నైటీకి కొంగెక్కడిది మామయ్యగారూ?

మామగారు: నేననేదీ అదే! చీర మన అనాది సంప్రదాయం.

కోడలు: చీర అనాదే. 1860ల్లో బొంబాయి పార్సీలను చూసి జాకెట్టు, లోలంగా పద్ధతిని బెంగాలుకు పట్టుకెళ్లింది మాత్రం ఠాగూర్ వదినగారు, జ్ఞానదానందినీ దేవి.

మామగారు: ఠాగూర్ వారింట్లోనా! అయితే అదీ సంప్రదాయమే.

టైలరు: జేబుకు యాభై ఎక్స్‌ట్రా అమ్మా.

కోడలు: మామయ్యగారి బనీను జేబుకెంత తీసుకున్నావ్?

టైలరు: అది ఫ్రీ అమ్మా. మగవాళ్లకు అడక్కముందే కుట్టేస్తాం.

బనియన్ సంగతి కొంత చెప్పుకోవాలి. 17, 18 శతాబ్దాల్లో యూరప్ మగవాళ్లు ఇంట్లో తొడుక్కున్న వదులు అంగీ పేరు కూడా అదే. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డతోనూ దాన్ని కుట్టించుకునేవారు. ఆ గుడ్డ ఓడలెక్కిన రేవుల్లో బందరు ఒకటి. పెడన దాని పక్కనే. మగవాడి సుఖం అలా సముద్రాలు దాటింది. మే నెల ఉక్కలో బెజవాడ ఇల్లాలి నైటీ వీధి గుమ్మం దాటాలంటే మాత్రం పైన తువ్వాలు పడాల్సిందే.

కోడలు: సరే, రెండు పక్కలా పెట్టు.

మామగారు: కనపడకుండా పెట్టవయ్యా!

టైలరు: ఇంతకీ ఇది ఇంట్లోకా, బయటికా అమ్మా?

మామగారు: ఇంట్లోకే!

కోడలు: కూరల బండి దాకా.