పట్టూ విడుపూ

నేను క్రూజ్ కంట్రోల్ లివర్ని. స్టీరింగుకి ఎడమ పక్కన ఉంటాను. ఇండికేటర్లు వెయ్యడం, పెద్ద లైట్లు వెలిగించడం నా జాతిలో అందరూ చేసే పనే. నా ఒంటిమీద అదనంగా ఉన్న చిన్న మీటలతో, కారు వేగాన్ని డ్రైవరు కోరినచోట నిలబెట్టమని ఇంజను కంప్యూటర్ని అడుగుతాను. అడగడం వరకే నా వంతు. నిలబెట్టేది అది.

నా మొదటి ఇల్లు ఇంగ్లండులో ఒక డీజిల్ గోల్ఫ్. ఐదో తరం కారు. రోజూ మోటార్‌వే మీద ఆఫీసుకి పోయే మనిషిది. వెనకనుంచి లారీ గుద్దితే, బాగుచేయించడం కంటే తీసేయడమే చవకని బీమావాళ్ళు తేల్చారు. తలుపులు, అద్దాలు, సీట్లు తలోదారీ పట్టాయి. నేను పాతసామాన్ల కొట్టులో ఒక డబ్బాలో పడ్డాను. అక్కణ్ణుంచి నన్ను కొనుక్కున్నది మిల్టన్ కీన్స్‌లో ఉండే ఒక తెలుగు ఇంజనీరు. అతని దగ్గర 2006 నాటి గోల్ఫ్ జీటీఐ ఉంది. అదీ ఐదో తరమే, అందుకే ఆ స్టీరింగు కింద నేను సరిగ్గా ఒదుగుతాను. దాన్ని మొదట కొన్నవాళ్ళు క్రూజ్ కంట్రోల్ ఎంచుకోలేదు.

టర్బో ఉన్న రెండు లీటర్ల ఇంజను, 200 గుర్రాల బలం. నిలబడ్డచోటునుంచి 7 సెకన్లు దాటీ దాటకముందే గంటకు 100 కిలోమీటర్లు అందుకునే కారు. ఇలాంటిదానికి నేనెందుకని అనుకునేవాళ్ళు ఉంటారు. నేను ఎక్కువ అవసరమయ్యేది ఇలాంటిదానికే. మిల్టన్ కీన్స్ పక్కనుంచి పోయే ఎం1 మీద మరమ్మతులు జరిగేచోట తరచూ గంటకు 50 మైళ్ళు దాటకూడదని బోర్డులు పెడతారు. అక్కడి కెమెరాలు ఒక్కచోట వేగం చూసి ఊరుకోవు. మొదటి కెమెరానుంచి తర్వాతి కెమెరాకి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి సగటు తీస్తాయి. కెమెరా కనబడినప్పుడు బ్రేకు కొట్టి తప్పించుకునే వీలు లేదు. బలమైన ఇంజను ఉన్న కారులో పాదం ఏమాత్రం బరువెక్కినా ముల్లు 60 చూపిస్తుంది. మైళ్ళకొద్దీ పాదాన్ని బిగబట్టుకుని కూర్చుంటే మడమ లాగుతుంది, కళ్ళు రోడ్డు వదిలి మీటరు మీదికే పోతుంటాయి. ఆ బాధ తప్పించడానికే నేను.

మా వంశానికి మూలపురుషుడు రాల్ఫ్ టీటర్. అమెరికాలో ఇండియానా రాష్ట్రంవాడు. ఐదేళ్ళ వయసులో కత్తి తగిలి చూపు పోయింది. అయినా మెకానికల్ ఇంజనీరింగు చదివి, 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన్ని కారులో తీసుకెళ్ళే లాయరు మాటల్లో పడితే నెమ్మదించేవాడట, వింటున్నప్పుడు వేగం పెంచేవాడట. ఆ కుదుపులు టీటర్ని బాధపెట్టాయని, దాంతోనే ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ కార్లలో అమ్మకానికి వచ్చింది. రోడ్డును కళ్ళతో చూడని మనిషి వేగంలోని ఎగుడుదిగుళ్ళను ఒంటితో పసిగట్టాడు. ఆయన వారసుణ్ణని చెప్పుకోవడం నాకు గర్వం.

పాత కార్లలో నన్ను బిగించడం పెద్ద యాతన. త్రాటిల్‌ని లాగడానికి ఒక కేబులు, దాన్ని కదిపే గాలితిత్తి, పంపు, అన్నీ కావాలి. ఈ జీటీఐలో యాక్సిలరేటర్‌కీ త్రాటిల్‌కీ మధ్య కేబులే లేదు. పెడలు విద్యుత్ సంకేతం పంపుతుంది, త్రాటిల్‌ని మోటారు తెరుస్తుంది. అంటే వేగాన్ని నిలబెట్టే యంత్రాంగమంతా అప్పటికే కారులో ఉంది. కావలసింది అడగడానికి నేను, నానుంచి ఇంజను కంప్యూటర్ దాకా ఒక తీగ.

మా ఇంజనీరు స్టీరింగు కింద ఉండే మాడ్యూలు నా భాష అర్థంచేసుకునే రకమో కాదో ముందే లాప్‌టాప్ తగిలించి చూసుకున్నాడు. అన్నీ అర్థంచేసుకోవు. ఈ ఒక్క తనిఖీ చెయ్యక నాలాంటివాటిని కొని వృథా చేసుకునేవాళ్ళున్నారు.

శనివారం పొద్దున గరాజు తలుపెత్తారు. గుంటూరునుంచి వచ్చిన వాళ్ళ మామగారు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి.

"బ్యాటరీ వైరు తీశావా బాబూ?"

"తీశాను మామయ్యగారూ. కాసేపాగి స్టీరింగు విప్పుతాను. అందులో ఎయిర్‌బ్యాగు ఉంది."

ఎయిర్‌బ్యాగు లోపల ఉన్నది నిజమైన పేలుడు పదార్థం. కరెంటు పూర్తిగా పోయేదాకా ఆగాలి, విప్పాక ముఖం పైకి ఉండేలా పెట్టాలి. స్టీరింగు కింద చుట్టలా ఉండే సన్నని రిబ్బను తిరిగిపోకుండా చక్రాలు నేరుగా ఉంచాలి. అతను ఏదీ తొందరపడలేదు. పాత లివర్ని లాగేసి నన్ను తోస్తే టక్కుమని కూర్చున్నాను. తీగని డాష్‌బోర్డు కిందనుంచి, వైపర్ల దగ్గర దాక్కుని ఉండే ఇంజను కంప్యూటర్ దాకా లాగడానికే పూటంతా పట్టింది. స్టీరింగు బోల్టును చేతి అంచనాతో వదలకుండా, టార్క్ రెంచి పెట్టి కంపెనీ చెప్పిన లెక్కకు బిగించాడు.

తర్వాత లాప్‌టాప్. స్టీరింగు మాడ్యూల్లో నేను ఉన్నానని నమోదు చేశాడు. ఇంజను కంప్యూటర్లోకి వెళ్ళి 11463 అనే సంఖ్య కొట్టాడు. అంతే. తయారైన రోజునుంచీ ఆ కంప్యూటర్లో నిద్రపోతున్న ప్రోగ్రాము లేచింది.

"రోడ్డెక్కి చూద్దాం పదండి" అన్నాడు అల్లుడు.

"ఆగు బాబూ. పట్టుకుంటుందో లేదో తర్వాత చూద్దువుగాని, వదుల్తుందో లేదో ముందు చూడు. బ్రేకు చూడందే నేను ఏ బస్సునీ డిపో గేటు దాటనివ్వలేదు."

ఆ పెద్దాయన నా ప్రాణంలాంటి మాట అన్నారు. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టిన క్షణాన నేను వదిలెయ్యాలి. క్లచ్ తొక్కినా వదిలెయ్యాలి, లేకపోతే ఇంజను గొంతు చించుకుంటుంది. బ్రేకు స్విచ్చినుంచి కంప్యూటరుకి ఒకటి కాదు, రెండు సంకేతాలు వెళ్తాయి. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోకపోతే అది నా మాట వినదు. ఆ అనుమానం కంప్యూటరుకి ఉండాల్సిందే. అల్లుడు లాప్‌టాప్‌లో ఆ సంకేతాలు కనిపించే 066వ గుంపు తెరిచాడు. బ్రేకు తొక్కితే సున్నాలు ఒకట్లయ్యాయి, వదిలితే మళ్ళీ సున్నాలు. క్లచ్ కూడా అంతే. మామగారు కళ్ళజోడు పెట్టుకుని తెరమీద స్వయంగా చూశాకే కారెక్కారు.

ఎం1 మీద 50 దగ్గర నన్ను నొక్కారు. ఎక్కుడు వస్తే త్రాటిల్ కొంచెం తెరుచుకుంది, దిగుడు వస్తే మూసుకుంది. ముల్లు కదల్లేదు. బ్రేకు మీద కాలు ఆనగానే వదిలేశాను. మళ్ళీ పట్టాను, క్లచ్‌తో వదిలాను.

నేను పాతకాలపు రకాన్ని. ముందున్న కారును చూడలేను, బ్రేకు వెయ్యలేను. నిట్టనిలువు దిగుడులో కారు నా మాట దాటి వేగం పుంజుకుంటుంది. తడి రోడ్డు మీద, మలుపుల్లో, కిక్కిరిసిన దారుల్లో నన్ను ఆపేసి మీ పాదాన్నే నమ్ముకోండి. ఎయిర్‌బ్యాగు విప్పడం చేతకాకపోతే ఆ ఒక్క పనీ తెలిసినవాళ్ళకి అప్పగించండి. బిగించాక బీమా కంపెనీకి ఒక ముక్క చెప్పండి. రోడ్డెక్కేముందు మాత్రం, బ్రేకుతోనూ క్లచ్‌తోనూ నేను వదులుతున్నానో లేదో మీ కళ్ళతో చూసుకోండి.