ఎక్స్‌టెండు శబ్ద విచారము

మూలము: గడువు మరల ఎక్స్‌టెండ్ చేయబడినది.

ప్రతిపదార్థము: గడువు = పని మొదలుపెట్టకుండుటకు ఒసగబడిన కాలము; మరల = ఎప్పటివలెనే; ఎక్స్‌టెండ్ = వెలికి చాచుట; చేయబడినది = ఎవరిచేత అని అడుగరాదు.

టీక: ‘ఎక్స్’ అనగా వెలికి, ‘టెండెరె’ అనగా చాచుట అని లాటిను వ్యుత్పత్తి. ఈ క్రియ సకర్మకము, అకర్మకమును. సెలవును ఎక్స్‌టెండ్ చేయుదురు. రోడ్డు పొలిమేరదాక తానే ఎక్స్‌టెండ్ అగును. సానుభూతిని సైతము ఎక్స్‌టెండ్ చేయుట ఆంగ్లేయుల ఆచారము. మనవారు తెలిపి ఊరకుందురు.

‘ప్రొలాంగ్’ దీనికి పర్యాయమని కొందఱి మతము. అది చింత్యము. రోగి యాతన ప్రొలాంగ్ అగును గాని, వీసా ప్రొలాంగ్ చేయుడని దరఖాస్తు పెట్టిన తెలుగువాడు కానరాడు. టీవీ సీరియలునకు ఈ రెండును చెల్లవు. అచట ‘సాగదీయుట’యే సాధువు.

మూలమున కర్త లుప్తము. లుప్తకర్తను వెదకుచు ఆఫీసుకు పోయినవారు కౌంటరు కడ ఇదే వాక్యమును మరల విని తిరిగివచ్చిరి.

ఉదాహరణము: 2020లో ఆదాయపు పన్ను రిటర్ను గడువు జులై 31 నుండి నవంబరు 30కి, అటనుండి డిసెంబరు 31కి, పిదప 2021 జనవరి 10కి జరిగినది. అయినను నెట్ సెంటరులో ఫారం 16 చేతబట్టి, పొరుగూరనున్న కొడుకు ఫోనుకు పోయిన ఓటీపీకై ఎదురుచూచు పెద్దమనిషి చివరి రాత్రికే వచ్చును. చాచబడినది తేదీయే, ఆ రాత్రి చాచబడదు.

తాత్పర్యము: నేడు తొందర లేదు. అన్నము వడ్డింపుడు.

విశేషములు: 1976లో లోక్‌సభ ఆయువు ఏడాది చొప్పున రెండు మార్లు పొడిగింపబడినది. చట్టము చేసిన సభ, ఆయువు పెరిగిన సభ ఒకటే. ఒకే పదము కర్తయు కర్మయు నగుట వ్యాకరణమున అరుదు, ఎమర్జెన్సీలో సులభము.

ఇంకొకటి. ఈ క్రియను మనకొసగిన భాషకే ఈ క్రియ ప్రయోగింపబడినది. రాజ్యాంగము కేంద్రప్రభుత్వ వ్యవహారములందు ఇంగ్లీషుకు 15 ఏండ్లు గడువిచ్చినది. అది 1965 జనవరి 26తో తీరవలెను. 1963 అధికార భాషల చట్టము హిందీతోపాటు ఇంగ్లీషును కొనసాగనిచ్చినది. అందు తుది తేదీ వేయలేదు గనుక, మరల ఎక్స్‌టెండ్ చేయవలసిన శ్రమ తప్పినది.