గురి సంగతి తర్వాత చూద్దాం

హైదరాబాదు శివారు పోచారం ఐటీ క్యాంపస్‌ల చుట్టుపక్కల హాస్టళ్లలో రాత్రి పదకొండు దాటితే రోజూ యుద్ధమే. కోడు రాసి రాసి కళ్లు మండిన కుర్రాళ్లు మంచాల మీద బోర్లా పడుకుని ఫోన్ల ఆటల్లో తుపాకులు పడతారు. "అరేయ్, రెడ్ డాట్ ఎవని దగ్గరుందిరా?" "నా దగ్గర రెండున్నయ్, తీస్కో." "ఫోర్ ఎక్స్ లేకుండ పోచింకికి పోవుడేందిరా, సస్తం!" ఉత్తుత్తి తుపాకీకైనా గురి చూసే అద్దం లేనిదే గడప దాటకూడదనే యుద్ధనీతి ఈ పిల్లలకు ఎవరు నేర్పారో గానీ, ఆ గురువెవరో దొరికితే వెంటనే ఢిల్లీకి పంపాలి. రక్షణ శాఖలో ఖాళీ ఉంది.

ఎందుకంటారా? 2019 ఫిబ్రవరిలో మన సైన్యం కోసం అమెరికా కంపెనీ సిగ్ సావర్‌తో 72,400 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. సరిహద్దులో జవానుకు మంచి తుపాకీ అర్జెంటుగా కావాలన్నారు, 'ఫాస్ట్ ట్రాక్' అన్నారు, కొన్నారు. 2024 ఆగస్టులో ఇంకో 73,000 అన్నారు. సంతోషం. ఆ రైఫిలుకు చీకట్లో చూపునిచ్చే నైట్ సైట్ల కోసం 659.47 కోట్ల ఒప్పందం మీద సంతకం పడింది మాత్రం 2025 అక్టోబరు 15న. తుపాకీకీ దాని రాత్రి చూపుకీ మధ్య ఆరేళ్ల ఎనిమిది నెలలు! శత్రువు మర్యాదస్తుడు, లైట్లు ఆర్పాక రాడు అని ఎవరో పెద్దమనిషి హామీ ఇచ్చి ఉండాలి.

ఉప్పల్ నుంచి పోచారం దాకా రోజూ బస్సులో వేలాడే ఉద్యోగికి ఈ ఫాస్ట్ ట్రాక్ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2018లో మొదలుపెట్టిన ఉప్పల్–నారపల్లి పైవంతెన ఆరేళ్లు దాటినా పూర్తికాక, దాని స్తంభాల మధ్య దుమ్ము మింగుతూ అతను పాఠం నేర్చుకునే ఉన్నాడు: ముందు స్తంభాలు వస్తాయి, దారి తర్వాత చూద్దాం.

నైట్ సైటు ఖరీదైన యవ్వారమే, ఒప్పుకుంటాను. మరి హాస్టలు పిల్లలు అడిగే ఆ రెడ్ డాట్‌కేమొచ్చింది? అదేం బ్రహ్మవిద్య కాదు. మామూలు ఇనుప గురితో కాల్చాలంటే వెనక గాడి, ముందు ముల్లు, అవతల మనిషి, మూడూ ఒక్క గీతలో పడాలి. కంటికేమో ఒకసారికి ఒక్క దూరమే తేటగా ఆనుతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఈ కొలతలన్నీ కుదిరేదెప్పుడు? రెడ్ డాట్‌లో చిటికెడు ఎల్ఈడీ ఒకటి వంపు అద్దం మీద ఎర్రటి వెలుగు వేస్తుంది. అద్దానికున్న పలచటి పూత ఆ ఎరుపును వెనక్కి తిప్పి, మిగతా వెలుగును దాదాపు అంతా పోనిస్తుంది. తిరిగొచ్చిన కిరణాలు సమాంతరంగా ఉంటాయి కనుక చుక్క అద్దంలో కాక ఎక్కడో దూరాన, లక్ష్యం మీదే అతుక్కున్నట్టు కనబడుతుంది. తల కాస్త పక్కకు జరిగినా ఫరవాలేదు, రెండు కళ్లూ తెరిచే కాల్చొచ్చు. బ్యాటరీతో నడిచే ఈ సరుకును స్వీడన్‌వాళ్ల ఎయిమ్‌పాయింట్ 1970లలోనే అమ్మకానికి పెట్టింది. 1997లో అమెరికా సైన్యాలు ఒక్కసారే లక్ష కావాలన్నాయి.

మూలం ఇంకా పాతది. ఈ ప్రతిబింబపు గురికి 1900లో పేటెంటు తీసుకున్నవాడు డబ్లిన్‌లో టెలిస్కోపులు చేసే సర్ హోవర్డ్ గ్రబ్. ఆ పేరు హైదరాబాదుకు కొత్తదేం కాదు. 1901లో మన నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. తర్వాత బేగంపేటకు మారిన నిజామియా వేధశాల అదే. ఆకాశంలో చుక్కల కోసం ఒక నవాబు గ్రబ్ అద్దం సొంతంగా తెప్పించుకోగలిగాడు. ఆయనకు ట్రయల్స్ కమిటీ లేదు, రీ-టెండరు లేదు, ఆడిట్ అభ్యంతరం అసలే లేదు. గొట్టం మారిస్తే రెండు రకాల తూటాలు పేల్చాలి అంటూ 2011లో రైఫిలుకు టెండరు పిలిచి, 2015లో దాన్ని చెత్తబుట్టలో వేసిన మేధావులు ఆ రోజుల్లో ఉండి ఉంటే, గొట్టం మారిస్తే సూక్ష్మదర్శినిగా కూడా పనికిరావాలని నవాబుగారి చేత రాయించేవాళ్లు.

ఇక్కడ ఇంకో జాతి లేచి నిలబడుతుంది: విదేశీ సరుకైతే కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చనే జాతి. బాబూ, కాస్త కళ్లు తెరవండి. ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైట్లు చలికీ తేమకూ గురి తప్పుతున్నాయని తెలిసీ దాచారన్న కేసులో దాని యజమాని కంపెనీ ఎల్-3 2015లో అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ట్రిజికాన్ కంపెనీ తన స్కోపుల నంబర్ల చివర బైబిలు వచనాల గుర్తులు చెక్కి పంపిందని 2010లో పెద్ద గొడవైంది. మనం 2019లో ఫ్రాన్సు వెళ్లి రఫేల్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి వచ్చామని నవ్వినవాళ్లు ఇది కూడా గుర్తుంచుకోవాలి. నిమ్మకాయ నయం, నలిగాక పడేయొచ్చు.

పోనీ, అద్దం సానబట్టడం తెలుగువాడికి రాదా? బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ తెల్లదొరల కాలం నుంచే పరికరాలు చేసింది. అది చితికితే 1983లో ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ చేతికొచ్చింది. సైన్యానికి రాత్రి చూపు పరికరాలు అక్కడ ఏళ్లుగా తయారవుతున్నాయి. పోచారానికి మరీ దూరం కాని నాచారం పారిశ్రామికవాడలోనూ బీఈఎల్ ఉంది. అక్కడివాళ్లది వేరే విద్య, శత్రువు రాడారు మాటలు చాటుగా వినే విద్య. అంటే వినడానికి నాచారం, చూడటానికి బందరు. చేతులకేం కొదవ లేదు, సంతకాలకే కరువు.

ఆ సంతకాలు కూడా వస్తే వరదలా వస్తాయి. అక్టోబరు 15న ఢిల్లీలో నైట్ సైట్ల ఒప్పందం, కాన్పూరు కంపెనీ ఎంకేయూ నాయకత్వంలోని జట్టుకు. నక్షత్రాల వెలుగు చాలట, 500 మీటర్ల దాకా గురి కుదురుతుందట. తెల్లారి 16న ప్రధానమంత్రి కర్నూలు వచ్చి, సుమారు 360 కోట్లతో బీఈఎల్ కట్టిన రాత్రి చూపు పరికరాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. కర్మాగారం ఉన్నది కృష్ణా జిల్లా నిమ్మలూరులో. చీకట్లో చూసే యంత్రాల ఫ్యాక్టరీకి పట్టపగలు, ఇంకో ఊరి నుంచి ప్రారంభోత్సవం! దూరదృష్టి అంటే ఇదే కాబోలు.

కాన్పూరు ఒప్పందంలో స్వదేశీ వాటా 51 శాతం పైమాటే అని ప్రభుత్వ ప్రకటన గొప్పగా చెప్పుకుంది. ఆ లెక్కన జవానుకు ఒక కన్నూ, దాని పైన రెప్పా మనవి. రెండో కన్ను ఏ రేవు నుంచి ఓడెక్కి రావాలో మరి.