పత్రిక వచ్చింది, వంటాయన రాలేదు

సమాచారాన్ని పట్టికలుగా అమర్చి దాచి, అడిగినప్పుడు అడిగినంత మేరకే తీసి ఇచ్చే ఏర్పాటును డేటాబేస్ అంటారు. వీటిలో కొన్ని వేరుగా నడుస్తూ వచ్చినవారికల్లా సేవ చేసే సర్వర్లు కాగా, మరికొన్ని ప్రోగ్రాములోనే కలిసిపోయి ఇంటిమనిషిలా మెలిగే ఎంబెడెడ్ డేటాబేస్‌లు. ఈ భేదాన్ని సిద్దిపేట జిల్లావాసికి బోధించడం సులభం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా సర్వర్ వంటిది. నీరు ఎక్కడో శుద్ధి అయి, గొట్టాల వెంట ఇంటికి వస్తుంది. పెరట్లోని చేదబావి ఎంబెడెడ్ డేటాబేస్ వంటిది. గొట్టంతో పనిలేదు గానీ, తాడు తెగితే ముడి వేసుకోవడమూ, బొక్కెన జారిపడితే పాతాళగరిగె వేసి తీసుకోవడమూ ఇంటివారికే తప్పవు.

ఈ చేదబావులలో లోకమంతటా వాడుకలో ఉన్నది ఎస్‌క్యూలైట్. 2000లో దీనిని రాసిన రిచర్డ్ హిప్ అప్పట్లో అమెరికా యుద్ధనౌక కోసం తయారవుతున్న ఒక ప్రోగ్రాము మీద పనిచేస్తుండగా, డేటాబేస్ సర్వర్ పలకనప్పుడల్లా ఆ ప్రోగ్రాము చేతులెత్తేసేది. తప్పు సర్వర్‌దే అయినా, ఆ కబురు తెర మీద చూపేది ప్రోగ్రామే గనుక మాటపడే వంతు దానిని రాసినవారికి వచ్చేది. చెడు కబురు తెచ్చినవాడే చెడ్డవాడయ్యే ఈ లోకరీతికి విసిగి, సర్వర్ ఊసే లేని డేటాబేస్‌ను రూపొందించి, హక్కులన్నీ వదులుకుని దానిని ప్రజల పరం చేశాడు. నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ అది ఉంది. అందువల్ల ఎస్‌క్యూలైట్‌ను వాడే తన ప్రోగ్రాము కంపైల్ కావడం లేదని తల పట్టుకున్న సిద్దిపేట విద్యార్థి జేబులో అదే ఎస్‌క్యూలైట్, ఆ క్షణంలోనే, చడీచప్పుడు లేకుండా పనిచేస్తూ ఉంటుంది.

రాజీవ్ రహదారి పక్కన నాగులబండ వద్ద 2023 జూన్ 15న ఐటీ టవర్ ప్రారంభమైనందున పట్టణానికి సాఫ్ట్‌వేర్ కొలువు బస్సు దూరం నుంచి ఆటో దూరానికి వచ్చింది. కంపైలర్‌కు దగ్గరి దారి మాత్రం ఎవరికీ దొరకలేదు. మనిషి రాసిన సీ భాషను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చేది కంపైలర్ కాగా, అలా మార్చిన ముక్కలన్నిటినీ ఒకచోట కూర్చి నడిచే ప్రోగ్రాముగా కట్టేది లింకర్. ఒకే ఆజ్ఞతో ఇద్దరూ పనికి దిగుతారు గనుక, తెర మీద కనిపించే కోపం ఎవరిదో విద్యార్థికి తెలియదు. పెండ్లిలో అలిగిన చుట్టం ఆడపిల్లవారి వైపా, మగపిల్లవాడి వైపా అన్నది తెలుసుకోకుండా బతిమాలబోయినవాడి గతే వీడికీ పడుతుంది. ఈ విద్యలో సగం వైద్యం, అలిగింది ఎవరో గుర్తుపట్టడమే.

మొదటి అలక కంపైలర్‌ది. ఏ ప్రమేయాలు (ఫంక్షన్లు) ఉన్నాయో, వాటికి ఏమేమి ఇవ్వాలో పేర్లు మాత్రం చెప్పే ఫైలును హెడర్ అంటారు. ఎస్‌క్యూలైట్‌కు అది ‘ఎస్‌క్యూలైట్3.హెచ్’. అది కనబడకపోతే కంపైలర్ ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని ఒక్క ముక్క చెప్పి పని ఆపేస్తుంది. విద్యార్థి ఇందులో అన్యాయం చూస్తాడు, ఎందుకంటే టెర్మినల్‌లో ఎస్‌క్యూలైట్3 అని కొడితే అది చక్కగా తెరుచుకుంటుంది. అయితే ఉబుంటు వంటి లినక్స్‌లలో, నడిపేవారికి కావలసిన సరుకు ఒక ప్యాకేజీలోను, కొత్త ప్రోగ్రాము రాసేవారికి కావలసిన హెడర్ ‘లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్’ అనే వేరే ప్యాకేజీలోను ఉంటాయి. పెండ్లి జరుగుతున్నమాట నిజమే, ఘుమఘుమలు వీధి చివరిదాకా వస్తున్నమాటా నిజమే, కానీ పత్రిక అందలేదు. పిలవని పేరంటానికి పోవడం కంపైలర్ ఇంటావంటా లేదు.

డెవ్ ప్యాకేజీ వేసుకున్నాక కంపైలర్ శాంతిస్తుంది, లింకర్ అలుగుతుంది. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అనే దాని ఫిర్యాదుకు అర్థం, పేరు విన్నాం గానీ మనిషి కనబడలేదని. హెడర్ పత్రిక మాత్రమే. విందు ఉన్నదని చెబుతుంది గానీ విందు పెట్టదు. వంటాయన ఉండేది లైబ్రరీలో, అంటే ముందే కంపైల్ చేసి సిద్ధంగా ఉంచిన ప్రమేయాల మూటలో. అతడిని పిలవడానికి ఆజ్ఞలో ‘హైఫన్ ఎల్ ఎస్‌క్యూలైట్3’ అని చేర్చాలి. చేర్చిన తరువాత కూడా అదే ఫిర్యాదు అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ వస్తే, విద్యార్థికి కంప్యూటర్ల మీదనే గాక మనుషుల మీద కూడా నమ్మకం సడలుతుంది.

ఇక్కడి కిటుకంతా వరుసలో ఉంది. లింకర్ ఆజ్ఞను ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూసుకుంటూ పోతుంది; లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా ఎవరికేమి కావలసి వచ్చిందో అంతే అందులోంచి తీసుకుని ముందుకు సాగుతుంది. లైబ్రరీని ముందు, తన ఫైలును వెనుక రాసిన విద్యార్థి ఇంట్లో బంతి ఎలా నడుస్తుందంటే, బగారా అన్నం బేసిను పట్టుకున్న మనిషి వచ్చేసరికి విస్తరి వేసుకుని కూర్చున్నవారెవరూ లేరు. అడిగేవారు లేరు గనుక అతడు బేసినుతో సహా గడప దాటాడు. ఆ వెంటనే జనం వచ్చి కూర్చుని ఖాళీ విస్తరుల ముందు కేకలు మొదలుపెట్టారు. ఫైలు పేరు ముందుకు, లైబ్రరీ వెనుకకు మార్చితే చాలు, బంతి సద్దుమణుగుతుంది.

లైబ్రరీతో ఈ గొడవ ఎందుకని, కొందరు ఎస్‌క్యూలైట్ మూలాన్నే దించుకుని తమ ప్రోగ్రాముతో కలిపి కంపైల్ చేస్తారు. వందకు పైగా ఫైళ్ళను ఒకటిగా కూర్చిన, రెండున్నర లక్షలకు మించిన పంక్తుల ‘ఎస్‌క్యూలైట్3.సీ’ అనే ఈ మహాగ్రంథం నిజానికి సాధువు. అయితే అదే సంచిలో ‘షెల్.సీ’ అనే తోడు ఫైలు కూడా వస్తుంది. ప్రోగ్రాము మొదలయ్యే చోటైన మెయిన్ ప్రమేయం అందులోనూ ఉంటుంది. ఉన్న సీ ఫైళ్ళన్నిటినీ గంపగుత్తగా కలిపినవాడి పందిట్లో ఇద్దరు పెండ్లికొడుకులు బాసికాలతో ప్రత్యక్షమవుతారు, లింకర్ పురోహితుడు మంత్రం ఆపేస్తాడు.

‘ఎస్‌క్యూలైట్3.సీ’ ఫైలును సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌కు అప్పగించడం ఇంకో తప్పు. ఏ రకమో చెప్పని చిరునామాను, అంటే వాయిడ్ పాయింటర్‌ను, సీ కంపైలర్ పేరు రాయని కట్నం కవరులా మారుమాట లేకుండా పుచ్చుకుంటుంది; సీ ప్లస్ ప్లస్ మాత్రం పుస్తకం తెరిచి, ఇంటిపేరూ ఊరూ చెప్పనిదే కవరు ముట్టదు. తెర నిండా పారే ఆ ఫిర్యాదులన్నిటికీ విరుగుడు ఒక్కటే: ఆ ఫైలును సీ కంపైలర్‌తో, సొంత ఫైలును సీ ప్లస్ ప్లస్‌తో విడివిడిగా కంపైల్ చేసి చివరన కలపడం. అందుకే పెద్దలు మొదటి ఫిర్యాదునే చదవమంటారు. తక్కినవి చాలావరకు దాని చుట్టాలు.

ఇలా మూలాన్ని కలిపి కట్టేటప్పుడు పాత పుస్తకాలు మరో రెండు లైబ్రరీలను కూడా చేర్చమంటాయి. ఒకటి పీథ్రెడ్, రెండవది డీఎల్. లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ. 2021 ఆగస్టులో వచ్చిన దాని 2.34 కూర్పుతో ఆ రెండూ అందులోనే కలిసిపోయాయి. అయినా అనుభవజ్ఞులు వాటిని ఆజ్ఞ చివరన రాస్తూనే ఉన్నారు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టినట్టు, ఉంటే నష్టం లేదు, లేకపోతే మనసు ఊరుకోదు.

అన్నీ సరిపడిననాడు టెర్మినల్ ఏమీ అనదు. శభాష్ అనదు, అయిందనీ అనదు, తరువాతి పంక్తిలో కర్సర్ మాత్రం మిణుకుమిణుకుమంటుంది. పెండ్లి చేసినవారికి ఈ మౌనం పరిచితమే, ఎందుకంటే కూర బాగుందని వెతుక్కుంటూ వచ్చి చెప్పే చుట్టం ఉండడు. ఉప్పు తక్కువైందని ఎవరూ అనకుండా లేచిన బంతే గెలిచిన బంతి. తిట్లకు అలవాటుపడిన విద్యార్థికి ఈ మర్యాద మింగుడుపడక, ఫైలు సేవ్ చేయడం మరచిపోయానేమోనని అనుమానించి, అదే ఆజ్ఞను మరోసారి కొడతాడు.