మాస్కుల పార్టీకి టీకా తాత్పర్యం

మూలం: “మావయ్యా! శనివారం రాత్రి మనింట్లో మాస్కుల పార్టీ. ఎవరు ఎవరో తెలీకూడదు. బిర్యానీ ఉంది.”

అవతారిక: ఈ వాట్సాప్ వచనానికి కర్త మా మేనల్లుడు. స్థలం సుమ్మాదేవి. పలాసకీ మందస రోడ్డుకీ నడుమ, మెయిళ్ళు కూతవేసి దాటిపోయే స్టేషను. సందర్భం కర్తగారి కూతురి పుట్టినరోజు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు కోలాచల మల్లినాథసూరి. నాకు అలాంటి ఒట్టేమీ లేదు.

ప్రతిపదార్థం: మావయ్యా = ఓ మేనమామా (సంబోధన; వెనకాల ఖర్చు వస్తోందని ధ్వని); శనివారం రాత్రి = కరెంటు ఉంటే ఏడింటికి, పోతే వచ్చాక; మనింట్లో = మన ఇంటియందు. ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగులో ‘మా’ అంటే వినేవాడు బయట, ‘మన’ అంటే లోపల. కర్త ‘మా ఇంట్లో’ అనలేదు. కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలు పన్నెండు, పెరుగు మూడు లీటర్లు, మూతలేని పెద్ద డేగిసా ఒకటి వ్యాఖ్యాత ఇంటినుంచే కదిలాయి. ఒక్క నకారానికి అంత శక్తి.

మాస్కుల పార్టీ = షష్ఠీ తత్పురుషమా, తృతీయా తత్పురుషమా? ‘మాస్కుల యొక్క పార్టీ’ అంటే మాస్కులు వెళ్తే చాలు, మనం ఇంట్లో పడుకోవచ్చు. నాకీ పక్షమే ఇష్టం, గాని కర్త ఒప్పుకోలేదు. పైగా మాస్కు లక్షణమే తేలడం లేదు. 2020లో ఈ మాట ముక్కూ నోరూ మూసి కళ్ళు వదిలింది. ఇప్పుడు కళ్ళచుట్టూ మూసి ముక్కూ నోరూ వదిలింది. కళ్ళద్దాలు మాస్కు మీద పెట్టాలా, కింద పెట్టాలా అనే చోట రెండు సంప్రదాయాలున్నాయి. మీద పెడితే జారుతాయి, కింద పెడితే ఆవిరి పడుతుంది. రెండూ చేసి చూశాను.

విశేషం: ‘మాస్కు’ అన్నచోట ‘వేషం’ అని అన్వయించుకోరాదు. మనదేశంలో వేషం దాక్కోడానికి కాదు. పగటివేషగాళ్ళు పేరులోనే పగలు పెట్టుకున్నారు. ఎర్రటెండలో రోజుకో వేషంతో అదే గుమ్మానికి వచ్చి, ఆఖరిరోజు సొంత ముఖంతో ఈనాం అడుగుతారు. తిరుపతి గంగమ్మ జాతర కథ మరీ తమాషా. అందులో దాక్కున్నవాడు పాలెగాడు, వాడికి వేషమే లేదు. బైరాగనీ తోటి అనీ వేషాలు మార్చింది వెతికే అమ్మవారు. దొర వేషం కట్టేసరికి వాడు బయటపడ్డాడు, తల తెగింది. ఇప్పటికీ ఆ మొక్కుకి మగవాళ్ళు చీర కట్టి వీధిలో నడుస్తుంటే, “ఒరే ఫలానా” అని పేరు పెట్టే పిలుస్తారు.

ఎవరు ఎవరో తెలీకూడదు = ఇది విధివాక్యం. పూర్వ ప్రమాణం విరాటపర్వం. అక్కడ పోలిస్తే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. ఇక్కడ పోలిస్తే ఒక పాట పాడాలి. ఏది కఠినమో మా ఊరి పాటలు విన్నవాళ్ళు తేల్చాలి. వలలుడి వేషంలో భీముణ్ణి విరాటుడి ఊరు పోల్చలేదు, నిజమే. కీచకుడి చావు కబురు హస్తినకి అందేసరికి ఆ పని చేసిన చేతులు ఎవరివై ఉంటాయో దుర్యోధనుడు ఊహించాడు. ముఖం మూసినా చేతులు మిగిలిపోతాయన్నమాట.

మా ఇంట చేతులదాకా పోనవసరం లేకపోయింది. కర్త తల్లి, అంటే మా అక్క, గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూచుంది. మాస్కు పెట్టుకోనంది. వచ్చినవాళ్ళ ముఖం వైపు చూడలేదు, విడిచిన చెప్పుల వైపు చూసింది. ఎడమ మడమ అరిగింది పోస్టాఫీసాయన. బొటనవేలి దగ్గర రాగితీగ చుట్టింది కొబ్బరికాయల వ్యాపారి, తిత్లీ తుపానుకి చెట్లు పడిపోయిన 2018 నుంచీ కొత్త జోడు కొననని భీష్మించాడు. నేను అట్టపెట్టె కోసి చేసుకున్న పులి ముఖంతో గుర్రుమంటూ వెళ్తే, “తమ్ముడా, కుర్చీలు సరిపోలేదు, ఇంకో రెండు తే” అంది.

బిర్యానీ ఉంది = దీనికి పూర్వపక్షం లేదు. కాని ఎలా తినాలి? వెనిస్ వాళ్ళు దీనికి బౌతా అనే మాస్కు కనిపెట్టుకున్నారు. మూతి దగ్గర కొక్కెంలా ముందుకి పొడుచుకొచ్చి, కింద ఖాళీ ఉంటుంది. తియ్యకుండానే తినొచ్చు, తాగొచ్చు, గొంతూ మారుతుంది. 1797లో నెపోలియన్‌కి ఆ రాజ్యం పడిపోయాక మాస్కుల సంబరమూ అణగారి, మళ్ళీ 1979లో గాని పుంజుకోలేదు. నా పులికి నోటి చోట చిల్లు పెట్టడం మరిచాను. మాస్కు హెల్మెట్‌లా నెత్తికెక్కించి తిన్నాను. అందరూ అదే చేశారు, ఒక్క మనిషి తప్ప.

ఆవిడ బంగారురంగు కాగితం మాస్కు కట్టుకుని మూలన నిలబడి తిన్నది. మాట్లాడలేదు. ఉత్తికాళ్ళతో వచ్చింది, కాబట్టి చెప్పుల సాక్ష్యం లేదు. పళ్ళెం పట్టిన వేలికొసలు నల్లగా ఉన్నాయి. జీడిపిక్క పెంకులో రసం తగిలితే చర్మం పొక్కుతుంది. చేతులకి బూడిద రాసుకుని పప్పు తీస్తారు, ఆ నలుపు సబ్బుకి పోదు. భీముడి చేతులు ఒక్కడికే ఉన్నాయి. ఈ వేళ్ళు మా వీధిలో సగం మంది ఆడవాళ్ళకున్నాయి. పోల్చబోయి నలుగురి పేర్లు చెప్పాను, నలుగురూ కాదు. ఆవిడ చెయ్యి కడుక్కుని, పిల్ల చేతిలో ఏదో పెట్టి వెళ్ళిపోయింది.

అంతా వెళ్ళాక అక్కని అడిగాను, “ఎవరావిడ?”

“తెలీకూడదని కదా నీ మేనల్లుడు రాసినాడు,” అంది అక్క, నా చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెడుతూ.